పాయింట్‌లో ఎవరూ లేని ఓవర్

నవంబరు పదిహేను, శుక్రవారం, ఆ రోజు తిన్నది సర్వపిండి, తిన్నదేమిటి, రాజేశం తినిపించాడు, క్యాంపు వంటగదిలో గిన్నె అడుగున ఒత్తి కాల్చి, వేలితో పెట్టిన చిల్లుల్లో నూనె మెరుస్తుంటే, ఒక్క ముక్క చాలు రాజేశం అన్నందుకు, మీ ఆంధ్రోళ్ళు కారం మస్తు తింటరంటరు సార్, గిదే ఓర్సుకోరా అని నవ్వాడు, ఆ సాయంత్రమే పాయింట్‌లో పక్కకు దూకి ఒంటిచేత్తో క్యాచ్ పట్టి ఇసుకలో దొర్లి లేచాడు, ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున డ్యూటీకి లేపితే లేవలేదు, ఇప్పుడు రామమోహన్ అదే పాయింట్ వైపు చూస్తూ బౌండరీ బయట నిలబడి ఉన్నాడు, అరచేతుల్లో చెమట, ఎండకు కాదు, డిసెంబరులో ఖతార్‌లోని ఈ మెసయీద్‌లో అంత ఎండెక్కడిది, భయానికి.

ఆలోచన తనదే, మొదటి ఓవర్ పాయింట్‌లో ఎవరూ ఉండకూడదు, అది రాజేశం చోటు, ఖాళీగా వదలాలి, అదే మనం చేసే స్మరణ అని క్యాంపులో చెప్పినప్పుడు అందరూ బాగుంది సార్ అన్నారు, సార్ చెప్పాక బాగాలేదని ఎవరంటారు, ఆఫీసు మనిషి, జట్టుకు మేనేజరు కూడా తనే, ఇక అవతలి జట్టు కెప్టెన్, క్రేన్ నడిపే పెషావర్ మనిషి, అతను కూడా గుండె మీద చెయ్యి పెట్టుకుని సరే చాచా అన్నాడు, అక్కడితో అయిపోతే బాగుండేది, కానీ ఇందాక కిట్టు దించుతూ అంజి, రాజేశం ఊరివాడే, జట్టు కెప్టెన్, మామూలుగా అన్నట్టు అన్నాడు, గంగామణి వదినెకు వీడియోల సూపెడ్త సార్, ఒప్పుకుంది, అప్పటినుంచీ ఒకటే భయం, బంతి అటు వెళితే, ఎవరూ కదలరు, అది దొర్లుకుంటూ పోతుంది, భర్త ఉండాల్సిన చోట వట్టి ఇసుక ఉందని అక్కడ జగిత్యాల పక్క పల్లెలో ఆమె కళ్ళారా చూస్తుంది, చూపించినవాడు తను, వద్దని ఇప్పుడైనా చెప్పొచ్చు, ఎలా చెప్పడం, ఫోను అప్పుడే అంజి చేతిలో వెలుగుతోంది.

ప్లాస్టిక్ కుర్చీలో రాజేశం ఫోటో, దోహా నుంచి తెచ్చిన మల్లెదండ, దుమ్ము లేవకుండా ఎవరో కుర్చీ చుట్టూ నీళ్ళు చల్లారు, ఎవరో తెలియదు, చల్లి వెళ్ళిపోయారు, ఆ తడి ఇసుక చూస్తే కాస్త ఊపిరి ఆడింది, రెండు మాటలు చెప్పమంటే మంచి ఆటగాడు, మంచి మనిషి అని ఆగిపోయాడు, భార్య కమల పోయినప్పుడు కూడా అందరూ మంచి మనిషి అనే అన్నారు, ఆమె బీరకాయ తొక్కు పచ్చడి గురించి, గొణుక్కుంటూ పూలు కట్టడం గురించి ఒక్కరూ అనలేదు, తను మాత్రం ఏమన్నాడు, అదిగో, ఓవర్ మొదలైంది.

మొదటి బంతి బ్యాట్స్‌మన్ కాళ్ళ దగ్గరే ఆపేశాడు, రెండోది అడ్డంగా లాగి ఎడమ వైపు కొట్టాడు, మూడోది పాయింట్ వైపు కొట్టమని పిలుస్తున్నట్టు వచ్చినా బ్యాటు ఎత్తి వదిలేశాడు, రామమోహన్‌కు అప్పుడు అర్థమైంది, వాళ్ళు కావాలనే అటు కొట్టడం లేదు, ముక్కూ మొహం తెలియని మనుషులు తన భయాన్ని తలో చెయ్యి వేసి మోస్తున్నారు, కళ్ళు చెమర్చాయి, తర్వాతి బంతి ఎగిరి బ్యాటు అంచుకు తగిలింది, దాన్ని ఎవరు ఆపుతారు, నేరుగా అటే వెళ్ళింది.

ఎవరూ కదల్లేదు, బ్యాట్స్‌మెన్ కూడా పరుగు తీయలేదు, టేపు చుట్టిన బంతి ఇసుకలో గీత గీసుకుంటూ పోయి సున్నం గీత దాటకముందే ఆగింది, గీత పక్కనే నిలబడ్డ అంజి ఫోనులోంచి ఆడగొంతు, గాడ ఎవ్వలు లేరేంది అంజీ, అంజి గొంతు సవరించుకుని, అది అన్న జాగ వదినా, యాదికుండాలని సార్ ఖాళీ పెట్టిచ్చిండు, చేశాను, భయపడ్డ పనే చేశాను అనుకుంటుండగానే అంజి నడుచుకుంటూ వచ్చి ఫోను అతని ముందు పట్టాడు, మీతోని మాట్లాడ్తదట సార్, తల మీద కొంగు, వెనక దండెం మీద ఆరేసిన బట్టలు, ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు.

సారూ, దినాల నాడు పిట్టకు పెట్టినం, పెట్టంగనే వచ్చి ముట్టింది, ఆయినె ఏ కొరత లేకుంట పోయిండు, మళ్ళ గా ఎండల ఒక్కన్నే ఎందుకు నిలవెడ్తుండ్రు?

కమల దినాల నాడు కాకి ఎంతకీ రాలేదు, గోదారి గట్టున చేతులు కట్టుకుని నిలబడ్డాడు, చివరికి వచ్చి ముట్టినా అతనికి నమ్మకం కుదరలేదు, అందుకేనా ఈ మూడేళ్ళుగా కారులో ముందు సీటులో ఎవరినీ కూర్చోనివ్వకపోవడం, వానొచ్చినా, ఎవరికి నడుం నొప్పున్నా, వెనక్కే, ఎక్కడికీ పోనివ్వకుండా ఆమెను ఆ సీటులో పట్టి కూర్చోబెట్టినట్టు, ఫోనులో ఆమె ఇంకా మాట్లాడుతోంది, ఎవలనన్న నిలవెట్టుండ్రి సారూ, ఆయినె ఆడే ఆట ఎట్లుంటదో ఎన్నడు సూడలే నేను, సూస్త.

అంజి ఆటగాళ్ళ వైపు తిరిగేలోపే రామమోహన్ గీత దాటాడు, ఆఫీసు బూట్లతోనే, ఎవరైనా నవ్వుతారేమో, యాభై ఎనిమిదేళ్ళవాడు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనివాడు, పెషావర్ కెప్టెన్ మాత్రం చప్పట్లు కొట్టి, ఆవో చాచా, యల్లా అని లోపలికి పిలిచాడు, పాయింట్‌లో నిలబడితే ఎండ సరిగ్గా కళ్ళలో పడుతోంది, ఇన్నాళ్ళూ రాజేశం దీన్ని చూస్తూ ఎలా పట్టాడో, బౌలర్ పరుగెత్తాడు, బ్యాటు చప్పుడు, వంగాడు, చేతులు ఆలస్యమయ్యాయి, బంతి ఠప్పున ముంగాలి ఎముకకు తగిలి అక్కడే ఆగిపోయింది, అబ్బా, కళ్ళ ముందు చుక్కలు, అందరూ నవ్వుతున్నారు, ఫోనులో కూడా, అయ్యో సారుకు తాకింది అంటూనే ఆమె నవ్వు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకోలేని నవ్వు.

తర్వాత అక్కడికి వేరేవాణ్ణి పంపారు, ఆట సాగింది, ఓడారో గెలిచారో అతను పట్టించుకోలేదు, పొద్దు వాలి ఎరువుల ఫ్యాక్టరీ దీపాలు వెలిగాక పోర్టా క్యాబిన్ మెట్టు మీద కూర్చుని వాచిన కాలు నిమురుకుంటున్నాడు, నొప్పిగా ఉంది, చిత్రంగా మనసు మాత్రం నెమ్మదిగా ఉంది, చోటు ఖాళీగా ఉంచడమే ప్రేమ అనుకున్నాడు ఇన్నేళ్ళూ, ఆమె అడిగింది ఖాళీని కాదు, ఆటను, వాడు నిలబడినచోట ఎవరో ఒకరు నిలబడి, తగిలించుకుని, మళ్ళీ వంగితేనే వాడు రోజూ ఏం చేశాడో తెలుస్తుంది, పోయినవాళ్ళకు సెలవిచ్చి వాళ్ళ పని అందుకోవడం, అంతే, అతని వెనక అంజి బ్యాట్లు లోపల ఆనించి, సార్ ఆలోచనలో ఉన్నారని కాబోలు, క్యాబిన్ తలుపు చప్పుడు కాకుండా మూశాడు.