కుడివైపు జేబు

పంతులమ్మ పదకొండేళ్ళు ఆడపిల్లలకు గృహవిజ్ఞానం నేర్పింది. మూడేళ్ళు కూర్చుని బట్టల గురించీ కుట్టు గురించీ పుస్తకం రాసింది. నూలుకీ ఉన్నికీ తేడా దగ్గర్నుంచి చొక్కా కత్తిరింపు దాకా అన్నీ బొమ్మలతో సహా అందులో ఉన్నాయి. తీరా ప్రెస్సులో అచ్చుకి అక్షరాలన్నీ పేర్చాక, ఆవిడ ప్రూఫులు చూసుకోవడానికి వచ్చిన రోజునే, అచ్చు ఖర్చు పెట్టుకునే బడి కమిటీ పెద్దాయన కూడా అక్కడికే వచ్చి అడ్డం పడ్డాడు. ఆయన జన్మలో సూదిలో దారం ఎక్కించి ఎరగడు. అయినా తీర్పులకేం లోటు!

"కుట్టుపని దగ్గర కూర్చోబెట్టుకుని చూపిస్తే వచ్చేదమ్మా. పుస్తకం చదివి నేర్చుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. లేదంటే అచ్చు ఆపించేస్తా," అన్నాడు.

పంతులమ్మకు ఒళ్ళు మండింది. కానీ చూపించడానికి మనిషేడీ? శిష్యురాళ్ళంతా ఆవిడ చెయ్యి చూసి నేర్చుకున్నవాళ్ళే.

అప్పుడు అక్షరాలు పేర్చే ముసలాయన గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు.

"నేనున్నానండీ. ఈ చొక్కా ఆ పుస్తకం పేరుస్తూ పేరుస్తూ కుట్టుకున్నదే."

అందరూ ఎగాదిగా చూశారు. కాలరు నిటారుగా ఉంది, చంకల దగ్గర ఒక్క ముడత లేదు. జేబు మాత్రం కుడివైపున ఉంది.

పెద్దాయన పగలబడి నవ్వాడు. "బాగుంది సంబడం! ఇదేనా మీ పుస్తకం నేర్పింది?"

పంతులమ్మకు అనుమానం వచ్చింది. బొమ్మ తానే తప్పు గీసిందా? గబగబా ప్రూఫు కాగితాలు తిరగేసింది. బొమ్మలో జేబు ఎడమవైపే ఉంది.

"బాబాయిగారూ, మీరు దేన్ని చూసి కుట్టారు?"

"బొమ్మ చెక్కిన అచ్చు దిమ్మని చూసమ్మా." అంటూనే ముసలాయన నాలుక కరుచుకున్నాడు. "అయ్యో నా మతిమండా! దిమ్మ మీద కుడి ఎడమలు తిరగబడే కదా ఉంటాయి! అక్షరాలు తిరగేసి చదవడం నలభై ఏళ్ళ అలవాటు. బొమ్మ సంగతి తట్టనేలేదు."

ప్రెస్సంతా గొల్లున నవ్వింది. పెద్దాయనకు నవ్వు రాలేదు. ఆయన ముసలాయన చొక్కా అంచు మడిచి, లోపలి కుట్లు ఒక్కొక్కటీ పట్టి చూశాడు.

"సరేనయ్యా, నిజం చెప్పు. ఈవిడ దగ్గర ఎన్నాళ్ళు నేర్చుకున్నావు?"

"టీచరమ్మగారి మొహం చూడటం ఇదే మొదటిసారండీ."

పంతులమ్మ ప్రూఫు కాగితాలు గర్వంగా గుండెకు హత్తుకుంది. కళ్ళు చెమర్చినా తల మాత్రం దించలేదు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ప్రెస్సు యజమాని వైపు తిరిగాడు.

"ఎన్ని కాపీలు వేస్తున్నారు?" అని అడిగాడు.