సంత రోజు నాలుగింటికి

నా నోరు పడిపోను! నలభై రెండు మంది పిల్లల చేత చేతులెత్తించింది నేనే.

విజయనగరంలో ఎంబీఏ వాళ్ళకి కేసు స్టడీలతోనే పాఠం చెప్తాను. మీ ఊరి వ్యాపారం ఒకటి రాసుకు రండి, పేర్లు మార్చండి అన్నాను. ప్రమోద్ ఒక కిరాణా కొట్టు గురించి రాశాడు. సంత రోజు, కొండ ఊళ్ళవాళ్ళు సరుకు అమ్ముకుని కొట్లకొచ్చే వేళకి, సరిగ్గా నాలుగింటికి యజమాని తలుపులు మూసేస్తాడట. ఎందుకని అడిగితే చెప్పడట. క్లాసంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. "ఏం చేద్దాం?" అంటే అన్ని చేతులూ లేచాయి. ముసలాయన్ని గల్లాపెట్టె దగ్గర్నుంచి లేపెయ్యాలి! అదే బోర్డు మీద రాశాను.

రెండు నెలల తర్వాత పసుపు కోసం శృంగవరపుకోట సంతకి వెళ్ళాను. ఐదు దాటింది. ఒక కొట్లోంచి "మేడం!" అని కేక. చూస్తే గల్లా దగ్గర ప్రమోద్.

"మన కేసు ఇదే మేడం, మా కొట్టే! క్లాసులో అనుకున్నట్టే చేసేశాను," అన్నాడు సంబరంగా.

అరుగు మీదున్న వాళ్ళ నాన్న చంద్రమౌళి గారు లేచి నాకు కుర్చీ వేశారు.

"అంతమంది సదువుకున్నోలు సెప్పినాక నేనేటంటానమ్మా," అన్నారు.

ఉండబట్టలేక అడిగేశాను. "నాలుగింటికి ఎందుకు మూసేసేవారండీ?"

ఆయన ఎదురుగా తాళం వేసున్న చిన్న కొట్టు చూపించారు. "మా తమ్ముడు పోయాక మరదలు తాయారు నడుపుకునీది. నేను మూసీస్తే ఆ బేరాలు తనకెల్తాయి. ఆ ఒక్క పూటే వారమంతా తిండి. ఇప్పుడు గరివిడిలో హాస్టల్లో వంటకి కుదిరినాది."

ప్రమోద్ గల్లా దగ్గర్నుంచి లేచొచ్చాడు. "నాకెందుకు సెప్పలేదు నాన్నా?"

"నీకు సెప్తే మీ పిన్ని సెవిలో పడతాది. జాలిపడి వదిలినానని తెలిస్తే ఆ బేరం ముట్టుకుంటాదేటిరా?"

కేసులో ఆ కొట్టు గురించి ఒక్క ముక్క ఉంది: 'ఎదురుగా చిన్న పోటీదారు.' దాని పక్కన ఎర్ర పెన్నుతో 'భేష్' అని రాసింది నేనే. ఛీ, నా చదువు తగలెయ్య!

చంద్రమౌళి గారు పసుపు పొట్లం కట్టి నా చేతిలో పెట్టారు.

"మావోడికి మార్కులెన్నేసినారమ్మా?"

ఇరవైకి ఇరవై. అవి వేసిందీ నేనే.