జనాన్ని నిలిపేవాళ్ళు

ప్రసన్నకుమారి వేదిక మీద కూలిపోతుంటే కాంట్రాక్టరు మనిషి ముందుగా మైకును పట్టుకున్నాడు. ఆమెను ఎవరూ పట్టుకోలేదు. ఆమె చెక్కల మీద పడింది. మైకుకు మాత్రం దెబ్బ తగల్లేదు.

నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను. రావులపాలెం అవతల అరటి తోట నరికి చదును చేసిన స్థలంలో సభ. పొద్దున వస్తానన్న నాయకుడు మధ్యాహ్నం దాటినా రాలేదు. అంతసేపూ ఆమె ఒక్కతే ఎండలో నిలబడి మాట్లాడుతూనే ఉంది. గొంతు జీరపోయింది. తర్వాత పగిలింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. కొంగు తీస్తే దాని మీద రక్తం.

"ఇంకో అమ్మాయెవరండీ, తొందరగా రండి. జనం లేచిపోతున్నారు" అన్నాడు ఆ మనిషి.

నలభై దాటిన ఆ ఇంకో అమ్మాయిని నేనే. నా పేరు రెబెక్కా. కింద ఇద్దరు ఆడవాళ్ళు ప్రసన్నను మోసుకుపోతుంటే పైన నేను నాయకుడి దయాగుణం గురించి మాట్లాడాను. మా పని అలాంటిది.

ఈ పని గురించి మీలో చాలామందికి తెలియదు. సభకు పెద్దమనిషి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు. అతను వచ్చేదాకా, లారీల్లో తోలుకొచ్చిన జనం లేచి వెళ్ళిపోకుండా మాటలతో కూర్చోబెట్టాలి. దీన్ని మేము జనాన్ని నిలపడం అంటాం. పార్టీ సభైనా, షాపు ప్రారంభమైనా, కాలేజీ పండగైనా, సంతాప సభైనా ఇంతే. కారు వచ్చిందని సైగ రాగానే మైకు అప్పజెప్పి వెనక మెట్లు దిగిపోవాలి. పోస్టరు మీద మా పేరుండదు. వేదిక మీద మాకు కుర్చీ ఉండదు. నీళ్ళు తాగితే మాట తెగుతుందని నీళ్ళు కూడా ఇవ్వరు.

మేమెవరం? ఎక్కువమంది ఆడవాళ్ళం. ఎక్కువమంది చర్చి వాళ్ళం. ఆదివారపు బడిలో వాక్యాలు అప్పజెప్పి, క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం వేసి, స్త్రీల సమాజంలో ప్రార్థన చేసి గొంతు విప్పడం నేర్చుకున్నవాళ్ళం. చేతిలో డిగ్రీలున్నాయి. ప్రైవేటు బళ్ళు వద్దని పంపేసిన టీచర్లం. బేబీ ఒక్కతే వేరు. ఆమెది ఉప్పాడ. ఒడ్డున చేపల వేలం పాడిన గొంతు. సముద్రం ఇల్లు మింగేశాక రాజమండ్రి చేరింది.

మగవాళ్ళు కొద్దిమందే ఉన్నారు. అదే ఎండ, అదే మైకు, అవే మాటలు, కానీ వాళ్ళకిచ్చే డబ్బు కవరు మా కవరుకు రెండింతలు. వాళ్ళ పైన కుర్చీలో కూర్చునే వక్తలున్నారు. ఆ వక్తల ఇంటిపేర్లు వేరు, వాళ్ళు పుట్టిన వీధులు వేరు. పావుగంటసేపు జీవితంలో ఎలా గెలవాలో చెప్పి, శాలువా కప్పించుకుని కారెక్కుతారు. వాళ్ళ పావుగంటకు మా నెల చాలదు. మమ్మల్నీ వాళ్ళనీ పంపేది ఒక్కడే, కాంట్రాక్టరు గణేష్‌బాబు. ఒకప్పుడు మైకుసెట్టు అద్దెకిచ్చినవాడు, ఇప్పుడు మనుషుల్ని అద్దెకిస్తున్నాడు.

ప్రసన్న గొంతులో కాయలున్నాయని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేయాలి, ఆలస్యం చేస్తే మాట తిరిగి రాదు అన్నాడు. ఆమెకు మాటే బువ్వ. మొగుడు లేడు, మంచంపట్టిన తల్లి ఉంది. మేము గణేష్‌బాబుకి ఫోన్ చేస్తే, "నాదేమన్నా కంపెనీయేంటండీ? పిలిచినరోజు వచ్చారు, వచ్చినరోజు ఇచ్చాను. గొంతు నేనిచ్చానా?" అన్నాడు. మర్నాడే ఆమె స్థానంలో వేరే పిల్లను పెట్టాడు.

అప్పుడు తబిత మమ్మల్ని పిలిచింది. ఆమె లూథరన్ పాస్టరు గారి కూతురు, తెలుగు ఎమ్మే. మాలో చిన్నది, మొండిది. చర్చి హాలు అడిగితే వాళ్ళ నాన్నే ఇవ్వనన్నాడు. రావులపాలెం అరటి మార్కెట్లో గెలల వేలం అయిపోయాక ఖాళీ అయిన షెడ్డులో కలిశాం.

ఆ మీటింగ్ చూస్తే మీకు నవ్వొచ్చేది. అందరం మాట్లాడేవాళ్ళమే. ఒకరు లేచి "వేదికను అలంకరించిన పెద్దలకు" అని మొదలెడితే ఇంకొకరు అంతకంటే పెద్ద గొంతుతో అందుకున్నారు. కాసేపు ఓర్చుకుని బేబీ అరటాకుల మీంచి లేచింది.

"అందరూ చెప్పేవాళ్ళేనండీ ఇక్కడ. వినేవోళ్ళెవరు? నా చేపల వేలం దీనికంటే నయం. పాట ఎక్కడో ఒక చోట ఆగేది."

తబిత నవ్వలేదు. "మూడు అడుగుదాం. ప్రసన్నక్కకి వైద్యం. ఆడకీ మగకీ ఒకటే రేటు. కుర్చీ, నీళ్ళు" అంది.

మగవాళ్ళలో పెద్దవాడు విజయ్ పాల్ గారు గొంతు సవరించుకున్నారు. "వైద్యం సరేనమ్మా. రేటు మాటెందుకిప్పుడు? మగ గొంతు దూరం వెళ్తుంది. అది ప్రకృతి."

"మైకుందిగా గురువుగారూ" అన్నాను. "ప్రకృతికి మైకుసెట్టెందుకండీ?"

ఆయన, "నాకు తగ్గించి మీకు పెంచుతాడేమోనమ్మా. నాకూ పిల్లల ఫీజులున్నాయి" అన్నారు మామూలు గొంతుతో. ఆ భయం ఆయన ఒక్కరిదే కాదు. దాని గురించి చీకటి పడేదాకా వాదించుకున్నాం. చివరికి ఎవరికీ తగ్గనివ్వమని అందరం మాటిచ్చాక ఆయన ఒప్పుకున్నారు. పెద్దవాడు కాబట్టి మా తరఫున ఆయనే మాట్లాడాలనుకున్నాం.

గణేష్‌బాబు ఆఫీసులో మాకు ఏసీ వేశారు. విజయ్ పాల్ గారు లేచి నిలబడ్డారు. చేతిలో మైకు లేకపోయినా చెయ్యి మైకు పట్టుకున్నట్టే ఉంది.

"ఉభయ గోదావరి జిల్లాల్లో గళానికి గౌరవం తెచ్చినవారు, కళాకారుల పాలిట కల్పతరువు, నిరంతర శ్రామికులు, మనందరి ఆత్మబంధువు, గౌరవనీయులు గణేష్‌బాబు గారికి" అని మొదలుపెట్టారు.

మరోలా మొదలుపెట్టడం ఆయనకు రాదు. ఒక బిరుదు ఇంకో బిరుదును లాక్కొచ్చింది. ఆయన కళ్ళల్లో కంగారు నాకు కనబడుతూనే ఉంది, నోరు మాత్రం దాని దారిన అది పోతోంది. గణేష్‌బాబు ఫోన్ పక్కన పెట్టి మరీ విన్నాడు. విజయ్ పాల్ గారు ఊపిరి తీసుకోవడానికి ఆగితే మాలో కొందరు అలవాటుగా చప్పట్లు కొట్టారు.

"చాలా సంతోషం గురువుగారూ" అన్నాడు గణేష్‌బాబు. అందరికీ టీలు చెప్పాడు. తబిత లేచి మూడు మాటలూ చెప్పింది. అతను ఆమె వైపు చూడకుండా, "చూద్దామమ్మా, ఎలక్షన్లు అవనీ" అన్నాడు. మెట్లు దిగుతుంటే విజయ్ పాల్ గారు గోడ పట్టుకుని నిలబడిపోయారు. "నా నోరు నాది కాదమ్మా" అన్నారు.

అందుకే ఇక నోరు తెరవొద్దనుకున్నాం. వచ్చే సభలో వంతు ప్రకారం వెళ్ళి మైకు పుచ్చుకుందాం, నిలబడదాం, మాట్లాడొద్దు. జనం విసుగొచ్చి ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. నాయకుడు వచ్చేసరికి ఖాళీ కుర్చీలు ఉంటాయి. అప్పుడు గణేష్‌బాబే దిగొస్తాడు. ఆలోచన తబితదే, మాకందరికీ నచ్చింది.

ఆ రోజు వెదురు గడలతో దొడ్ల మాదిరి కట్టిన అరల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. ముందు వరసలన్నీ ఆడకూలీలు. మొదట నేను వెళ్ళి మైకు ముందు నిలబడ్డాను. మాట్లాడలేదు. నా పక్కన విజయ్ పాల్ గారు, ఆయన పక్కన బేబీ, తబిత. గణేష్‌బాబు కింద నుంచి ముందు బతిమాలాడు, తర్వాత పళ్ళు కొరికాడు. నాకు లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. జీవితంలో మొదటిసారి ఒక మైకు ముందు నిలబడి నాకిష్టమైనట్టు ఉన్నాను.

అప్పుడు వెనక ఎవరో "అయిపోయిందంట" అన్నారు.

మైకు ఆగిందంటే సభ అయిపోయినట్టే. సభ అయిపోతే లారీలు కదులుతాయి. లారీ తప్పితే కూలి రాదు, ఇంటికి నడక. మేము ఇన్నేళ్ళూ వాళ్ళ ఎదురుగా నిలబడ్డాం, ఈ సంగతి మాత్రం మాకు తట్టలేదు. మైదానమంతా ఒక్కసారి లేచి ఒకే దారి వైపు తిరిగింది. వెదురు గడలు విరిగాయి. ముందున్నవాళ్ళు పడ్డారు, వెనకవాళ్ళు వాళ్ళ మీద పడ్డారు. ఆడవాళ్ళ కేకలు.

తబిత నా చేతిలోంచి మైకు లాక్కుంది.

"అమ్మా, లారీలు వెళ్ళలేదు. తాళాలు మా దగ్గరే ఉన్నాయి. ఎక్కడివాళ్ళక్కడ కూర్చోండి. వెనకున్న అన్నయ్యా, నువ్వు కూర్చో. నువ్వు కూర్చుంటే ముందున్న అమ్మ లేస్తుంది."

తాళాలు ఆమె దగ్గరెక్కడివి? అయినా ఆ గొంతు విని జనం కూర్చున్నారు. ఆమె ఆపలేదు. పడినవాళ్ళను పైకి లేపించింది, దారి ఇప్పించింది, నీళ్ళు పంపించింది. కారు వచ్చిందని సైగ వచ్చేదాకా మాట్లాడింది. నాయకుడు నిండు సభలో దిగాడు. మా సమ్మె మా చేతుల్తోనే చచ్చిపోయింది. తబితను ఒక్క మాట అనడానికి మాలో ఎవరికి నోరొస్తుంది? నేనైనా అదే చేసేదాన్ని.

సాయంత్రం పోలీసులు వచ్చి ఆమెనే తీసుకెళ్ళారు. కుట్ర చేసి మాటలు ఆపి తొక్కిసలాట తెచ్చారని గణేష్‌బాబు ఫిర్యాదు ఇచ్చాడు. జనాన్ని కాపాడిన మనిషి మీద జనాన్ని చంపబోయిందని కేసు. జీపు ఎక్కేటప్పుడు ఆమె నన్ను చూసి, "ప్రసన్నక్క ఆపరేషన్ సంగతి వదలొద్దు" అంది. అంతే.

మేము వకీళ్ళ చుట్టూ తిరిగాం. చర్చి పెద్దలు ప్రార్థన చేస్తామన్నారు. కుర్చీ వక్తల్లో ఒకాయన ఫోన్లో మాకు సానుకూల దృక్పథం గురించి చెప్పాడు. ఎవరి దగ్గరికి వెళ్ళినా మా మాటలు మాకే తిరిగొచ్చాయి. మాటలతోనే బతికే మాకు మాట ఎక్కడా పని చేయకపోవడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

బేబీ ఒక్కతే వేరే దారి పట్టింది. ఆ రోజు చెయ్యి విరిగిన రత్తమ్మ అనే కూలీ ఇంటికి వెళ్ళింది, నన్నూ లాక్కెళ్ళింది. క్షమాపణ చెప్పబోతే రత్తమ్మ కట్టుకట్టిన చెయ్యి ఊపి ఆపింది.

"మీరు ఆపుతారని మాకు ముందు చెప్పొచ్చు కదండీ. మీకు మాట్టాడ్డం కూలి, మాకు వినడం కూలి. మీ కవరు సంగతి మీరు మీరే చెప్పుకున్నారు. మాకు చెప్పుంటే మేం కూర్చుందుం."

నేను తల దించుకున్నాను. ఊరూరా మా మాటలు విన్నవాళ్ళకు మా కష్టం ఒక్కసారి కూడా చెప్పలేదు. అప్పటినుంచి బేబీ, నేను పేటపేటకూ తిరిగాం. మైకు లేకుండా, గుమ్మాల దగ్గర కూర్చుని, మామూలు గొంతులతో చెప్పాం.

అరెస్టు చూపించకుండా స్టేషన్లోనే ఉంచిన తబితను చివరికి కోర్టుకు తీసుకెళ్ళే రోజు స్టేషన్ ముందు ఆడకూలీలు రోడ్డు నిండా కూర్చున్నారు. ఎస్సై బయటికొచ్చి చూసి కంగుతిన్నాడు. చేతి మైకు ఒకటి తెచ్చి నాకిచ్చాడు.

"మీరు మాట్లాడేవాళ్ళే కదమ్మా. మీరే చెప్పి పంపేయండి, గొడవలెందుకు?"

నేను మైకు తీసుకున్నాను. "అమ్మా, కూర్చోండి. తబిత వచ్చేదాకా" అన్నాను.

జనాన్ని నిలపడం మాకు తెలిసిన పని. నేను ప్రసన్న గొంతు గురించి చెప్పాను. బేబీ సముద్రం గురించి, కవర్ల గురించి చెప్పింది. విజయ్ పాల్ గారి వంతు వచ్చినప్పుడు నాకు భయమేసింది. ఆయన చాలాసేపు మైకు పట్టుకుని నిలబడ్డారు. ముందు ఒక్క బిరుదు లేకుండా, వెనక ఒక్క విశేషణం లేకుండా, "తబిత" అన్నారు. తర్వాత "మా తబిత" అన్నారు. ఇంకేం చెప్పలేక ఏడ్చారు.

పొద్దు తిరిగాక ఒక కానిస్టేబుల్ నా పక్కకొచ్చి గుసగుసగా చెప్పాడు. తబితను పొద్దున్నే వెనక గేటు నుంచి తీసుకెళ్ళిపోయారంట. రిమాండు కూడా వేశారంట. మేము అంతసేపూ రాని మనిషి కోసం జనాన్ని నిలిపాం.

నేను ఆ మాట మైకులో చెప్పాను. దాచడానికి మనసొప్పలేదు. చెప్పాక ఏం చేయాలో తెలియలేదు. మైకు కిందికి దించాను.

అప్పుడే రోడ్డు చివర లారీ వచ్చి ఆగింది. మరో ఊళ్ళో సభ ఉంది, గణేష్‌బాబు జనం కోసం పంపాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. మైకు ఆగిపోయింది, లారీ వచ్చింది. ఇక లేస్తారనుకున్నాను.

ఎక్కడినుంచి వచ్చిందో ప్రసన్నకుమారి నా చేతిలోంచి మైకు తీసుకుంది. నోరు తెరిచింది. మాట రాలేదు. మైకులోంచి ఊపిరి మాత్రమే వినబడింది, గరగరమంటూ. ఆమె ఆపలేదు. పెదాలు కదులుతున్నాయి, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, ఊపిరి వస్తూనే ఉంది. ఏమంటోందో మా ఎవరికీ తెలియలేదు.

ఎస్సై ముందుకొచ్చి చెయ్యి చాచాడు. "అయిపోయింది కదమ్మా, మైకు ఇచ్చేయండి."

ముందు వరసలో కట్టుకట్టిన చేతితో కూర్చున్న రత్తమ్మ తలెత్తింది.

"అయిపోలేదండి. ఆవిడ మాట్టాడుతుంది. మమ్మల్ని విననివ్వండి."

లారీ మళ్ళీ హారన్ కొట్టింది. రోడ్డు మీద ఒక్కరూ లేవలేదు.