దీపం వెనక మొహం

చచ్చినవాళ్ళ ఫోటోల మీదే నా దుకాణం నడుస్తోంది. బతికున్నవాళ్ళెవరూ నా గుమ్మం తొక్కరు. పెళ్ళయినా, బాప్తిస్మమైనా ఎవడి ఫోను వాడిదే. మూడు కళ్ళ ఫోన్లు, నాలుగు కళ్ళ ఫోన్లు! తెరమీద బఠాణీగింజంత ఉన్నంతసేపూ అందరూ అందగాళ్ళే. చచ్చినవాళ్ళు ఇంటికొచ్చే పండగ నవంబరు ఒకటిన కదా, అక్టోబరు ఆఖరివారం వచ్చేసరికి ఆ గింజని గోడకి తగిలించేంత పెద్దది చెయ్యమని నా దగ్గరికి పరుగెత్తుకొస్తారు. పెద్దది చేస్తే అందులో మొహం ఉండదు, మరకలుంటాయి. అప్పుడు తిట్లు మాత్రం నాకు.

ఈ ఏడు ఆ వారంలోనే బసిలియా వచ్చింది, మా మర్యాదలో దోన్యా బసిలియా. మార్కెట్లో పొద్దున్నే వేడి మొక్కజొన్న జావ అమ్ముతుంది. ఆగస్టులో ఆమె కొడుకు విల్బర్, పంతొమ్మిదేళ్ళవాడు, గనిలో మందుగుండు ముందే పేలి పోయాడు. పెట్టె మూసే తెచ్చారు. మొహం చూస్తానని ఆమె ఎంత ఏడ్చినా మూత తియ్యనివ్వలేదు.

"దోన్ ఎలోయ్, ఇది పెద్దది చేసివ్వాలండీ. వాడికి పెట్టే పండగ బల్ల మధ్యలో ఉంచాలి," అంటూ ఫోను నా చేతికిచ్చింది. "మొదటి ఏడు కదా, వాడికి దారి కొత్త. ఒకటో తారీకు మధ్యాహ్నం పన్నెండింటికి వస్తాడు. ఫోటో చూసే కదండీ, ఇది మన ఇల్లేనని లోపలికొచ్చేది."

ఫోటోలో గని నోటి దగ్గర ఐదుగురు భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డారు. ఎవడో తీశాడు, ఇంకొకడికి పంపాడు, వాడు ఈమె తమ్ముడికి, తమ్ముడు ఈమెకి. చెయ్యి మారినప్పుడల్లా ఆ ఫోటో మరింత అరిగింది. దానికితోడు మా గనివాళ్ళకి ఒక పిచ్చి ఉంది: ఫోటోకి నిలబడితే హెల్మెట్ తియ్యరు సరికదా, దాని మీది దీపం వెలిగించి మరీ నిలబడతారు. వెలిగే దీపమే వాళ్ళకి మగతనం. ఫోనుకి కనిపించేది ఆ దీపం ఒక్కటే. వెలుతురు ఎక్కువైందనుకుని కింద ఉన్న మొహాన్ని నల్లగా ముంచేస్తుంది. విల్బర్ ఉండాల్సిన చోట ఒక తెల్లటి చుక్క, దాని కింద కాస్త మసి ఉన్నాయి.

"ఇంకోటి లేదా దోన్యా?"

"వాడి ఫోన్లో వేలకొద్దీ ఉండేవి. అన్నీ కొండలూ, కుక్కలూ, స్నేహితులూ. అయినా ఆ ఫోను వాడితోనే పోయింది."

"గుర్తింపు కార్డు?"

"అదీ వాడి జేబులోనే పోయింది. ఆఫీసులో నకలు అడిగితే పండగయ్యాక రమ్మన్నారు. మొదటి సత్ప్రసాదం నాడు మీరే తీశారుగా? మా ఇంట్లోది కప్పు కారి తడిసిపోయింది. మీ దగ్గర ఫిల్ము ఉంటుంది కదా?"

లేదు. మూడేళ్ళ కిందట నెలంతా ఒక్క మనిషీ దుకాణం మెట్టెక్కకపోతే ఒళ్ళు మండి, రెండు గోతాల ఫిల్ములు తీసుకెళ్ళి వాగులో గుమ్మరించి వచ్చాను. ఇంక ఎవడిక్కావాలి ఇవి, అనుకున్నాను. ఆమెతో మాత్రం బూజు పట్టి పోయాయని చెప్పాను.

"పోనీండి," అని ఆమె ఫోను తీసుకుంది. "చౌరస్తాలో కొత్త కొట్టువాళ్ళు పది నిమిషాల్లో కడిగినట్టు చేసిస్తామన్నారు. కానీ మీరు వాణ్ణి ఎరుగుదురు కదా అని ముందిక్కడికొచ్చా."

పుండు మీద కారం చల్లినట్టయింది నాకు. నలభై ఏళ్ళు కెమెరా పట్టినవాణ్ణి, నిన్నగాక మొన్న కొట్టు తెరిచినవాళ్ళ ముందు తీసిపోవాలా?

"ఉంచి వెళ్ళండి. నేను చేస్తాను," అన్నాను.

మసకగా ఉన్నవాటిని తేటగా చేసే ప్రోగ్రాము నా దగ్గరా ఉంది. దానిలో వేశాను. అది ఆ మసిలోంచి ఒక కుర్రాణ్ణి బయటికి తీసింది. చక్కటి కనుబొమలు, సాపుగా ఉన్న ముక్కు, తీర్చిదిద్దినట్టున్న నోరు. విల్బర్ పై పెదవి పుట్టుకతోనే ఒకపక్క కొంచెం పైకి లేచి ఉండేది, ఎప్పుడూ ఏదో ఎగతాళి చెయ్యబోతున్నట్టు. యంత్రానికి అది తప్పులా కనిపించి ఉంటుంది, సరిచేసేసింది. ఎవడో వీడు! అయినా కాగితం మీద అంత స్పష్టంగా వచ్చిన మొహాన్ని చూస్తే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముచ్చటేసింది. చట్రం కట్టి, మూలకి నల్ల రిబ్బను చుట్టాను.

బసిలియా చాలాసేపు చూసింది. వేలితో ఆ పెదవి తడిమింది.

"అందంగా ఉన్నాడు," అంది.

"పెద్దది చేస్తే అలాగే ఉంటుంది దోన్యా," అన్నాను.

ఒకటో తారీకు మధ్యాహ్నం మూడింటికి ప్రార్థన చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. బల్ల నిండుగా పెట్టారు. నాలుగు మూలలా చెరుకుగడలు, ఆత్మ దిగి రావడానికి నిచ్చెన ఆకారపు రొట్టెలు, మొహాలు అంటించిన బొమ్మ రొట్టెలు, ఉల్లి కాడలు, వాడికిష్టమైన వేరుసెనగ పులుసు. నడుమ ఫోటో లేదు. దాన్ని గోడవైపు తిప్పి నేలమీద ఆనించారు. ఫోటో ఉండాల్సిన చోట, బల్ల వెనక కుర్చీ వేసుకుని, కొవ్వొత్తుల మధ్య, బసిలియా కూర్చుని ఉంది.

చచ్చినవాళ్ళ చోట బతికున్న మనిషి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే శిలువ గీసుకుని వెనక్కి పోతున్నారు.

"ఇదేంటి దోన్యా?"

"పన్నెండింటికి ఈగ వచ్చిందండీ," అంది. మా ఊళ్ళో పోయినవాళ్ళు ఈగ రూపంలో వస్తారంటారు. ఆమె గొంతులో ఏడుపు లేదు. "తిన్నగా లోపలికొచ్చి ఫోటో మీద వాలింది. కాసేపు చూసింది. లేచి ఎదురింటికి పోయింది. పోయిన వాళ్ళ ముసలాయనకి పెట్టిన బల్ల మీద వాలింది. పరాయివాడి ఇల్లనుకున్నాడు బిడ్డ. అందుకే నేను కూర్చున్నా. నా మొహం తెలుసుగా వాడికి."

నేను వంగి ఆ ఫోటోని ఇటు తిప్పాను.

"ఆ పెదవి యంత్రం దిద్దింది, దోన్యా. నేను చూశాను. చూసీ ఊరుకున్నాను."

"నాకూ తెలిసింది, మీ కొట్లోనే. కానీ పెద్దది చేస్తే అలాగే ఉంటుందన్నారు మీరు. అంత చదువుకున్నాయన చెబుతుంటే, కన్నదాన్ని నేనే మరిచిపోయానేమో అనుకున్నా."

ఆ మాటకంటే ఆమె నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది. మోకాళ్ళ మీద కూర్చుని, విల్బర్ పేరు చెప్పి, ఆమె మొహం చూస్తూ ప్రార్థన పూర్తిచేశాను. ఆచారం ప్రకారం ఆమె బల్ల మీదినుంచి ఒక రొట్టె తీసి నా చేతిలో పెట్టింది. కాదనకూడదు, తీసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి, ఆత్మలు తిరిగి వెళ్ళే వేళకి, వీధంతా బల్లలు ఎత్తేశారు. రొట్టెలూ పళ్ళూ గుడ్డల్లో మూటగట్టుకుని, మేళం ముందు నడుస్తుండగా శ్మశానానికి బయల్దేరుతున్నారు. నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి బసిలియా ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. ఆమె తమ్ముడు ఫెర్మీన్ చెరుకుగడల కట్లు విప్పబోతున్నాడు.

"లే అక్కా. వేళ దాటిపోతోంది. వాణ్ణి సాగనంపాలి."

"ముట్టుకోకురా!" అని అరిచింది. "వచ్చినవాణ్ణి కదా సాగనంపేది? వాడింకా రాలేదు."

ఫెర్మీన్ నావైపు తిరిగాడు.

"మీరైనా చెప్పండి దోన్ ఎలోయ్. వచ్చాడని చెప్పండి. మీ మాట వింటుంది."

ఆమె కూడా నావైపే చూసింది, నేనేం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా. నేను టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాను.