నారాయణ మామ తుమ్ము

మా పక్కింటి నారాయణ మామకు చలికాలం పడదు. శనగచేల మీద మంచు దిగడం మొదలైతే చాలు, ఆయన ముక్కు కారడం మొదలవుతుంది. జమ్మలమడుగు చుట్టుపక్కల ఎవరి గట్టు తగాదా అయినా ఆయన తీర్చాల్సిందే. ఆయన ముక్కు మాత్రం ఆయన మాట వినదు.

అలర్జీకి మాత్రలున్నాయి. ప్రొద్దుటూరులో మంచి డాక్టరున్నాడు, పోవడానికి నా ఆటో ఉంది. అడ్డమల్లా తుమ్మే. మామ సరిగ్గా గడప దాటబోతూ తుమ్ముతాడు. తుమ్మితే బయలుదేరకూడదు గదా! కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని లేస్తాడు. లేచి మళ్లీ తుమ్ముతాడు. తుమ్ములు తగ్గాలంటే డాక్టరు దగ్గరికి పోవాలి, పోవాలంటే తుమ్మకూడదు. ఇంత తెలివైన జబ్బును నేనెక్కడా చూడలేదు. పులివెందులలో సొంత బావమరిది గృహప్రవేశానికి కూడా ఇట్లాగే పోలేకపోయాడు. ఆ బావమరిది ఇంతవరకూ మాట్లాడటం లేదు.

పైగా ఎవరిదో దిష్టి తగిలిందని ఇల్లంతా సాంబ్రాణి పొగ. పొగకు ఇంకా తుమ్ములు. దోమలు కూడా ఆ ఇల్లు ఖాళీ చేసి మా ఇంటికొచ్చాయి.

ఆ పొద్దున యశోదమ్మత్త కేక విని పరిగెత్తాను. మామ మంచం మీద కూర్చుని ఎగశ్వాస పెడుతున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. నిజంగా భయమేసింది.

"పట్టుకోరా జమాలూ!" అంది అత్త.

చెరో రెక్క పట్టుకుని లేపాం. గడప దగ్గర మామ తుమ్మాడు.

"ఆగు యశోదా... నీళ్లు తాగి..."

"పానం పోతాంటే నీళ్లేంది?" అని అత్త ఆయన్ను ఆటోలోకి తోసింది. ఊళ్లో అందరి నోళ్లూ మూయించే మనిషి బుద్ధిగా సీటులో ఒదిగి కూర్చున్నాడు.

ప్రొద్దుటూరులో మూతికి గొట్టం పెట్టి మందు పట్టించాక మామకు ఊపిరాడింది. అప్పుడు డాక్టరు అందుకున్నాడు.

"అలర్జీ ఉండే మనిషికి సాంబ్రాణి పొగ యాస్తారా? ఇంత చదువూ సంధ్యా ఉండి ఈ శకునాలేంది పెద్దాయనా? ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేటోడు కాదు."

అత్త తలూపుతూ కళ్లు తుడుచుకుంది.

"రోజూ వాడే మందు రాస్తాండా. చలికాలమంతా మానొద్దు," అంటూ డాక్టరు చీటీ మీద పెన్ను పెట్టాడు.

మామ తుమ్మాడు.

పెన్ను ఆగిపోయింది. డాక్టరు మా వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. "ఒక్క నిమిషం కూర్చోండి. రాద్దాంలే, తొందరేముంది?"

నాకు నవ్వొచ్చింది. అత్తకు రాలేదు. ఆమె మొహం కోపంతో ఎర్రబడింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గది అదిరేటట్టు ఒక దొంగ తుమ్ము తుమ్మింది.

"జంట తుమ్ములు శుభమంట గదప్పా," అంది. "ఇంగ రాయి."

డాక్టరు గబగబా రాసిచ్చాడు.