టూ ఫైవ్ వన్

మా ఆయన గిటారు హోరెత్తించినంత కాలం నాకు ఆయన మీద ఏ అనుమానమూ లేదు. ఆ చప్పుడు ఆగిపోయాకే మొదలైంది.

దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలో మాది రెండు గదుల సర్కారు క్వార్టరు, మొదటి అంతస్తు. మా ఆయన రాధాకృష్ణమూర్తి ఒక మంత్రిత్వ శాఖలో స్టెనోగ్రాఫరు. జాయింట్ సెక్రటరీ గారు చెప్పుకుంటూ పోతుంటే షార్ట్‌హ్యాండులో రాసుకుని టైపు చేసి ఇవ్వడం ఆయన పని. వాల్తేరు రైల్వే కాలనీలో పెరిగారు కనక అక్కడి ఆంగ్లో ఇండియన్ల దగ్గర జాజ్ అనే సంగీతం చిన్నప్పుడే అంటించుకున్నారు. మా ఇంట్లో అంటుకున్నది వేరు. మా నాన్నకి పేకాట. గుడివాడ క్లబ్బులో కూర్చుని, అమ్మ ఒంటి మీద పసుపుతాడు తప్ప ఇంకేమీ మిగల్చలేదు. అందుకే పెళ్లిచూపుల్లో నేను ఒక్కటే అడిగాను, పేకాడతారా అని. ముట్టనన్నారు. ముట్టిన రోజున మీ ఇంట్లో ఉండనని అందరి ముందూ చెప్పాను. మాటంటే దాని మీద నిలబడే మనిషిని నేను.

ఆ గిటారు కడుపు డొల్లగా ఉండే మామూలు గిటారు కాదు, గట్టి చెక్క. వైరు తగిలించి ఆంప్లిఫయర్ పెట్టెలోంచి వినిపిస్తేనే పాట. వైరు పీకేస్తే దోమ రొద. ఆయన ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ తాగి, ఆ పెట్టె ముందు కూర్చునేవారు. ఆ పాటలకి తల ఎక్కడో తోక ఎక్కడో నాకు తెలిసేది కాదు. అయినా వంటింట్లో నేను పప్పు రుబ్బుకుంటుంటే పక్క గదిలో మనిషి ఉన్నట్టు ఉండేది, నాకది బాగుండేది.

ఏషియాడ్ అయిన మరుసటి ఏడాది ఎండాకాలంలో కింది ఫ్లాటు చద్దా ఆంటీ మెట్లెక్కి వచ్చింది. "గౌరీ బేటీ, భాయీసాబ్‌కో బోలో థోడా ధీరే బజాయేఁ. మేరే బర్తన్ నాచ్ రహే హైఁ" అంది. కాస్త మెల్లగా వాయించమను, నా గిన్నెలు గంతులేస్తున్నాయని. నిజమే, ఆ నెలంతా చెవులు దిబ్బళ్లు పడేలా వాయిస్తున్నారు. నేను వెళ్లి చెబితే ఆయన మొహం పాలిపోయింది. తగ్గించే వాయిస్తున్నానన్నారు. నేను పెట్టె దగ్గరికి వెళ్లి చూశాను. చప్పుడు పెంచే మీట దాదాపు చివరిదాకా తిరిగి ఉంది. కళ్లెదుట కనపడుతున్నదానికి అబద్ధమెందుకు?

మర్నాటి నుంచి వైరు పీకేశారు. ఆంప్లిఫయర్ మీద పాత దుప్పటి కప్పేశారు. పక్కవాళ్లకి ఇబ్బంది, ఇకమీదట ఊరికే వేళ్లు ఆడించుకుంటానన్నారు. అంతవరకూ బాగానే ఉంది. గది తలుపు ఎందుకు వేసుకోవడం? అడిగితే కూలరు గాలి బయటికి పోతుందన్నారు. ఆ కూలరు ఉన్నది ముందు గదిలో!

మా నాన్న కూతురిని కదా, అప్పటి నుంచి కనిపెట్టడం మొదలుపెట్టాను. మొదట, నేను "ఏమండీ" అంటే పలకడం మానేశారు. వెనక నుంచి ఎన్నిసార్లు పిలిచినా అంతే, ఎదురుగా వెళ్లి నిలబడితే అప్పుడు ఉలిక్కిపడేవారు. క్లబ్బు నుంచి పోగొట్టుకొచ్చిన రోజున నాన్న అచ్చం ఇలాగే అమ్మ పిలుపుకి పలికేవాడు కాదు. పైగా గొంతు తగ్గించి, గోడలు వింటాయేమో అన్నట్టు మాట్లాడటం నేర్చుకున్నారు. నేను ఏదైనా అడుగుతుంటే కళ్లలోకి చూడరు, నోటి వైపు చూస్తారు. తప్పు చేసినవాడు కళ్లలోకి చూడలేడని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడే ఆయన సెక్షన్లో పనిచేసే ఒకాయన భార్య పాలబూత్ దగ్గర కలిసి, మీవారు స్టెనో పని వదిలేసి డిస్పాచ్ సెక్షనుకి మార్చమని అర్జీ పెట్టుకున్నారట, ఎందుకమ్మా అంది. నాకు తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. డిస్పాచ్ వాళ్లని నేను చూశాను. చలికాలం ఆఫీసు లాన్లో ఎండకి కూర్చుని, లంచ్ అయిపోయినా లేవకుండా పేకాడుతుంటారు. ఏ పెద్దమనిషీ ఊరికే జాయింట్ సెక్రటరీ గదిలోంచి కవర్లకి బిళ్లలంటించే చోటికి పోడు.

ఇక పెద్దిరాజు సంగతి. ఆయన మా ఆయనకి వాల్తేరు నాటి స్నేహితుడు, ఇక్కడ టెలిగ్రాఫ్ ఆఫీసులో ఉద్యోగం. వాల్తేరులో ఇద్దరూ కలిసి వాయించిన బ్యాండులో డ్రమ్స్ ఆయనవే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం డ్రమ్ములు లేకుండా వట్టి చేతిసంచితో వచ్చేవాడు. ఇద్దరూ గదిలోకి పోయి తలుపేసుకునేవారు. పెద్దిరాజు గొంతు మాత్రం వీధిలోకి వినపడుతుంది. టెలిగ్రాఫ్ వాళ్లంతా అలాగే అరుస్తారు కాబోలనుకున్నాను. ఒక ఆదివారం మెట్ల మీద ఆయనతో మా ఆయన అన్న మాట నా చెవిన పడింది.

"ఈసారి కార్డ్స్ మార్చేద్దాం రాజూ. ఆ పాతవి అరిగిపోయాయి."

వాళ్లు గదిలోకి పోయి తలుపేసుకున్నారు. తలుపు దగ్గర చెవి పెట్టాను. లోపల చుష్, చుష్, చుష్ మని చప్పుడు. పేక కలుపుతున్న చప్పుడు. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి విన్నదాన్ని, నాకు పొరబాటు లేదు. మధ్యలో పెద్దిరాజు పైకే అంటున్నాడు.

"టూ... ఫైవ్... వన్."

కాసేపాగి మళ్లీ అవే అంకెలు. రెండు, ఐదు, ఒకటి. పేక చాలక దానికి తోడు డబ్బు కట్టే సట్టా నంబర్లు కూడానా! గాజియాబాద్‌లో ఫ్యాక్టరీలో పనిచేసే మా అన్నయ్య కనకయ్యకి ఆ సాయంత్రమే పక్కింటి నుంచి ఫోను చేశాను. వచ్చే ఆదివారం వచ్చి నన్ను తీసుకుపొమ్మన్నాను. ఎందుకని అడిగితే వచ్చాక చెబుతానన్నాను. ఆ వారమంతా ఆయనకి కంచంలో అన్నం పెట్టాను, మాట మాత్రం పెట్టలేదు. ఆయన ఆ తేడా గమనించినట్టే లేరు. దానికి నాకు ఇంకా మండింది. ఏడ్చాను కూడా, అబద్ధమెందుకు. ఆ మనిషి అంటే నాకు ఇష్టం.

ఆదివారం పెద్దిరాజు రాగానే తలుపు పడింది. కాసేపటికి అన్నయ్య స్కూటరు కింద ఆగింది. బెల్లు గట్టిగా రెండుసార్లు కొట్టాడు. గదిలో చుష్ చుష్ ఆగలేదు. సర్దిపెట్టిన నా పెట్టె చూసి అన్నయ్యకి విషయం సగం అర్థమైంది. మిగతా సగం నేను చెప్పాను. "బావగారు అలాంటి మనిషి కాదే" అన్నాడు. వచ్చి నువ్వే చూడమని గది తలుపు తోశాను.

పెద్దిరాజు కింద చాప మీద కూర్చున్నాడు. ముందు పరిచిన పేపరు మీద, డ్రమ్ములకి వాడే తీగల కుంచెలు రెండు తిప్పుతున్నాడు. చుష్, చుష్ మంటున్నది అదే. ఎడంచేత్తో మధ్యమధ్య వేళ్లు చూపిస్తున్నాడు, రెండు, ఐదు, ఒకటి. నా వైపు వీపు పెట్టి మా ఆయన స్టూలు మీద ఉన్నారు. గదిలో పేకముక్క అన్నది ఎక్కడా లేదు.

నా కోపం అంత సులువుగా దిగేది కాదు. ఎవరి కోసం ఆ నంబర్లని అడిగాను. ఆయన తిరగలేదు. ఇంకొంచెం గట్టిగా అడిగాను. తిరగలేదు. పెద్దిరాజు నన్ను చూసి కుంచెలు ఆపేశాడు. మా ఆయన వెంటనే తలెత్తి ఆయన చేతుల వైపు చూశారు, నా వైపు కాదు.

"వినపడదు చెల్లెమ్మా," అన్నాడు పెద్దిరాజు. "నీకు తెలుసనుకున్నాను."

నేను ముందుకెళ్లి చూశాను. ఆయన గిటారును పైకెత్తి, దాని అంచుకి దవడ ఎముక గట్టిగా ఆనించి పట్టుకున్నారు. అలా ఆనిస్తేనే తీగలు పలికేది తెలుస్తోందని పెద్దిరాజు అన్నాడు. చెవులతో కాదు, ఎముకతో. ఆంప్లిఫయర్ మీట చివరిదాకా తిప్పిన రోజున నిజంగా ఆయనకి అది చిన్నగానే వినిపించింది. చద్దా ఆంటీ వచ్చాకే తన చెవుల సంగతి తనకి తెలిసింది. వైరు పీకింది పక్కవాళ్ల కోసం కాదు, మళ్లీ ఎవరూ కనిపెట్టకుండా.

నన్ను చూసి గిటారు దించారు. అన్నయ్యని చూశారు, వాకిట్లో పెట్టె చూశారు. అదే చిన్న గొంతుతో, నా పెదవుల వైపు చూస్తూ అన్నారు. "చెవుడొచ్చిన స్టెనోని ఎవరు ఉంచుకుంటారు గౌరీ? ఉద్యోగం పోతే ఈ క్వార్టరు కూడా పోతుంది. డిస్పాచ్‌లో వేస్తే నెట్టుకురావచ్చనుకున్నాను."

మరి కార్డులు మారుస్తానన్నారేమని అడిగాను. ఆ ప్రశ్న ఆయనకి అందలేదు. పెద్దిరాజు చెప్పాడు. చాలా తీగలు ఒకేసారి కలిపి మోగిస్తే దాన్ని కార్డ్ అంటారట. టూ ఫైవ్ వన్ అంటే ఆ కార్డులు వచ్చే వరస. "వన్ అంటే ఇల్లు అనుకో. ఎక్కడెక్కడ తిరిగినా చివర్న అక్కడికి రావాల్సిందే" అన్నాడు.

అనుమానపడ్డందుకు నేను సిగ్గుపడలేదు, ఇప్పటికీ పడను. పెళ్లాంతో చెప్పని మనిషిని ఎవరైనా అనుమానిస్తారు. ఆ మాట ఆయన్ని నిలబెట్టి అడగాలనుకున్నాను. కానీ ఇన్నాళ్లూ ఆ తలుపు వెనక ఈయన ఒక్కరూ చెక్కని దవడకి నొక్కుకుని కూర్చున్నారన్నది తలుచుకుని ఆ మాట పక్కన పెట్టాను. అన్నయ్య నా పెట్టెని వాకిట్లోంచి తీసి మంచం కిందికి తోశాడు. వెళ్లి కుంపటి మీద కాఫీ నీళ్లు పెడతానని పెద్దిరాజుని కూడా వంటింట్లోకి లాక్కుపోయాడు.

నేను ఆయన కాళ్ల దగ్గర చాప మీద కూర్చున్నాను. గిటారు ఎత్తి ఆయన దవడకి ఆనించాను. రెండో అంచుకి నా నోరు ఆనించాను. వార్నిషు వాసన, కొంచెం చెమట ఉప్పు. రేపు సెలవు పెట్టండి, పెద్దాసుపత్రికి వెళదాం, తర్వాత సంగతి తర్వాత అని చెప్పాలి. కానీ దేనికైనా ముందు పిలవాలి కదా.

"ఏమండీ" అన్నాను.

"ఊఁ" అన్నారు.