పాటల తార బిడ్డకు మా బుట్ట

మా కుట్టు దుకాణంలో ఒక పద్ధతి ఉంది. గుండీలు కుట్టేటప్పుడు చేతులకే గాని చెవులకు పనుండదు గనుక, ఒకరు పుస్తకం చదవాలి, మిగతావాళ్లు వింటూ కుట్టాలి. నా చదువు మధ్యలోనే ఆగిపోయినా ఆ పని నాకే అప్పగించారు. నేను కూడబలుక్కుంటూ చదువుతాను. "నత్తనడకే నయం, పుస్తకం ఎక్కువ రోజులొస్తుంది" అంటుంది కాజాలు తీసే పిన్ని.

ఈసారి పుస్తకం, పేరుమోసిన ఒక పాటల తార రాసుకున్న సొంత కథ. వేదిక మీద మెరుపుతీగలా ఎగిరే మనిషి తెర వెనక గజగజ వణికేదట. వాంతి చేసుకుని, మూతి కడుక్కుని, నవ్వు తగిలించుకుని వచ్చేదట.

"అంత డబ్బుండి ఏం రోగమే ఆవిడకి?" అంది పిన్ని.

"భయానికి ఉన్నోళ్లు, లేనోళ్లు తేడా ఏముంది పిన్నీ" అంది పెద్దక్క, గుడ్డ కత్తిరిస్తూ. దుకాణం ఆవిడదే.

నాకూ ఒక భయముంది. నా నెలల పిల్ల వెనకగదిలో పీలికల బుట్టలో నిద్రపోతుంటే, ఊపిరి తీస్తోందో లేదోనని నా గుండెలో రాయి పడుతుంది. దారమనీ, మంచినీళ్లనీ వంకపెట్టి లేచి, దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తాను. ఈ సంగతి తెలిస్తే "పిల్ల కాస్త పెద్దయ్యాక రామ్మా" అని పెద్దక్క పంపేస్తుందని బెంగ. ఇంట్లో ఒక్కదాన్నే ఆ భయాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

పేజీ తిప్పాను. ఏమైందో ఏమో, అచ్చులో లేని మాటలు నా నోట వచ్చేశాయి. "బిడ్డ పుట్టాక నా భయం మరీ ముదిరింది. నిద్రపోయే బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. చూసొచ్చాక మళ్లీ అనుమానం..."

సూదులు ఆగాయి.

"అయ్యో, నేనూ అంతేగా!" అంది పిన్ని. "మా పెద్దోణ్ణి గిల్లి ఏడిపించేదాన్ని. వాడు ఏడిస్తేనే నాకు నిద్ర. మా అత్త తిట్టని తిట్టు లేదనుకో!"

అందరూ పగలబడి నవ్వారు. నాకు హుషారొచ్చి కళ్లెం వదిలేశాను. "ఒకసారి పాట మధ్యలోనే దిగిపోయి, పీలికల బుట్టలో పడుకున్న నా బిడ్డను..."

పెద్దక్క కత్తెర ఆగింది. "ఏమ్మాయ్, కోట్లు గడించిన మనిషి బిడ్డ పీలికల బుట్టలో పడుకుందా?"

నేను పుస్తకంలోకి తల దూర్చేశాను.

"ఉయ్యాల కొనే స్తోమత లేదేమో పాపం" అంది పిన్ని, పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటూ.

పెద్దక్క లేచి వెనకగదిలోకి వెళ్లింది. అయిపోయింది నా పని అనుకున్నాను. ఆవిడ రెండు చేతులా బుట్ట మోసుకొచ్చి నా స్టూలు పక్కన దించింది. లోపల నా బంగారుతల్లి, పిడికిలి నోట్లో పెట్టుకుని.

"నీ తిరుగుళ్లకి నా గచ్చు అరిగిపోతోంది. ఇక్కడే చూసుకో!"

పిన్ని వంగి, వేలు పెట్టి చూసి, "తీస్తోంది! నువ్వు చదువు" అంది.

ఇక అదే వరస. గుండీ కుట్టడం అయినవాళ్లల్లా వంగి చూడడం, "తీస్తోంది!" అని కేకేయడం. ఆ గోలకి పిల్ల లేచి కేరింతలు మొదలుపెట్టింది. వేలు పెట్టి చూసే అవసరమే లేకపోయింది.

"ఇంతకీ ఆ తారకి పిల్లలెందరే?" అడిగింది పిన్ని.

పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాను. "ఇక్కడిదాకా ఇంకా పెళ్లే కాలేదు పిన్నీ!"